బడి వదిలాక రెండు గంటలు: సాయంత్రం సెంటర్‌కి ఏ కార్యక్రమం నప్పుతుంది?

సాయంత్రం సెంటర్ నడిపేది స్వచ్ఛంద సంస్థ తరఫున పనిచేసే అక్కయ్య కావచ్చు, ఊళ్లో డిగ్రీ చదువుకుంటూ పిల్లల్ని కూర్చోబెట్టే కుర్రాడు కావచ్చు, ఇంట్లోనే ట్యూషన్ చెప్పే మేడమ్ కావచ్చు. అందరూ అడిగేది మాత్రం ఒకటే: "రేపు పిల్లలతో ఏం చేయించను?" ఐడియాలకి కొరత లేదు, యూట్యూబ్ తెరిస్తే వందలు దొరుకుతాయి. ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా పాతికమంది ఒకే వరండాలో ఉన్నారు, సాయానికి రావాల్సిన రెండో మనిషి రాలేదు, అంతలో కరెంటు పోయింది. అప్పుడు కూడా సాగే పని ఏదో తేల్చుకోవడం దగ్గరే ఇబ్బందంతా.

అందుకే కార్యక్రమాలని పోల్చేటప్పుడు నేను మంచి రోజుని లెక్కలోకి తీసుకోను. అన్నీ అమరిన రోజున ఏది చేయించినా బాగానే ఉంటుంది. ఏమీ అమరని రోజున ఏది సాగుతుంది, ఏది పది నిమిషాల్లో గోలగా మారుతుంది అన్నదే చూస్తాను. కింద చెప్పేదంతా ఆ చూపుతోనే.

ఎంచుకునే ముందు

మొదట ఆకలి సంగతి చూడాలి. మధ్యాహ్న భోజనం ఒంటిగంట లోపే అయిపోతుంది. నాలుగున్నరకి వచ్చే పిల్లల కడుపులో ఏమీ ఉండదు. అప్పుడు ఏ పని మొదలుపెట్టినా కొట్లాటతోనే మొదలవుతుంది, దాన్ని మనం క్రమశిక్షణ లోపం అనుకుని కేకలేస్తాం. రాగానే చేతులు కడిగించి గుప్పెడు వేయించిన శనగలో, ఉడకబెట్టిన అలసందల గుగ్గిళ్లో, ఒక చిక్కీ ముక్కో పెట్టండి. పల్లీలు పడని పిల్లలు ఉంటారు, చేర్చుకునేటప్పుడే ఇంట్లోవాళ్లని అడిగి రాసిపెట్టుకోండి. డబ్బు ఒక్కదానికే సరిపోయేలా ఉంటే రంగు కాగితాలు మానేసి శనగలు కొనమంటాను.

తర్వాత వెలుతురు. నవంబరు చివర్లో హైదరాబాద్‌లో 5:40కే పొద్దుగూకుతుంది, విశాఖలో అంతకన్నా దాదాపు 20 నిమిషాలు ముందే. అదే జూన్‌లో హైదరాబాద్‌లో 6:50 దాకా వెలుగుంటుంది. జూన్‌లో గోడకి అంటించిన టైంటేబుల్ డిసెంబరుకి పనికిరాదు. చలికాలంలో ఆటలు ముందు, చదువు వెనక. వేసవికి దగ్గరపడ్డాక చదువు ముందు, ఎండ తగ్గాక ఆటలు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే మొత్తం లెక్కే మారిపోతుంది. మధ్యాహ్నానికే ఇళ్లకొచ్చిన పిల్లలు మూడింటికే మీ గుమ్మంలో ఉంటారు, బయట అడుగుపెట్టే ఎండ కాదు. ఆ నెల పైచిలుకు కోసం నీడపట్టున కూర్చుని ఆడే ఆటలు విడిగా సిద్ధం చేసుకోవాలి.

వయసుల సంగతి ఇంకొకటి. ఆరో తరగతి అమ్మాయి మూడేళ్ల తమ్ముణ్ణి చంకనేసుకుని వస్తుంది. "చిన్నపిల్లల్ని తీసుకురావద్దమ్మా" అన్నారంటే తమ్ముడితోపాటు ఆమె కూడా ఆగిపోతుంది. కాబట్టి మీ లెక్కలో ఆ తమ్ముడు కూడా ఉండాలి. ఓ మూల చాప, నాలుగు చెక్క ముక్కలు, ఓ మూత ఉన్న డబ్బా, నోట్లో పెట్టుకున్నా పట్టనంత పెద్ద వస్తువులు పెట్టి, వాళ్ల అక్కకి అక్కడి నుంచి కనపడేలా చోటు చూపిస్తే చాలు. చింతగింజలు, గవ్వలు మాత్రం ఆ చాప దరిదాపుల్లోకి రానివ్వకండి.

హోంవర్క్‌కి ఎంత ఇవ్వాలి

తల్లిదండ్రులకి కావాల్సింది ఇదే. "మా బాబు హోంవర్క్ అయిపోయిందా సార్?" అని అడుగుతారే గానీ "ఈరోజు ఏం ఆడాడు?" అని అడిగేవాళ్లు తక్కువ. అందుకే హోంవర్క్ పూర్తిగా తీసేస్తే పిల్లలు రావడం మానేస్తారు. అలాగని దానికే రెండు గంటలూ అప్పజెప్పితే సెంటర్ బడికి తోకలా తయారవుతుంది.

నా లెక్కలో 40 నిమిషాలు హద్దు. ఈ 40 నిమిషాల్లో మీ పని పక్కన కూర్చుని చెప్పడం కాదు, తిరుగుతూ ఉండడం. ఎవరు నిజంగా చేస్తున్నారు, ఎవరు గైడులోంచి ఎక్కిస్తున్నారు అన్నది తిరిగితేనే తెలుస్తుంది. ఐదో తరగతి పిల్లాడు చక్కటి చేతిరాతతో పేజీన్నర జవాబు రాస్తాడు, అందులో ఏదో ఒక వాక్యం మీద వేలు పెట్టి చదవమంటే చదవలేడు. చూసి రాయడం వచ్చు, చదవడం రాదు. ఇలాంటివాళ్లు ప్రతి సెంటర్లోనూ ఉంటారు, హోంవర్క్ ఎంత చేయించినా వాళ్ల సమస్య తీరదు సరికదా, బయటపడకుండా దాక్కుంటుంది.

ట్యూషన్ నడిపేవాళ్లకి ఒక మాట. బడిలో పనిచేసే టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదని 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ చెబుతోంది. మీతో కలిసి పనిచేద్దామని ఏ బడి మాస్టారో ముందుకొస్తే ఫీజు లేని సెంటర్లో సాయంగా రమ్మనడం ఇద్దరికీ క్షేమం.

చదివించడం: శ్రమ ఎక్కువ, ఫలితమూ ఎక్కువే

అన్నిటిలోకి ఒక్కటే ఎంచుకోమంటే ఇదే ఎంచుకుంటాను. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ దేశమంతా వాడే పద్ధతి ఒకటుంది. పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా చదవగలిగిన స్థాయిని బట్టి కూర్చోబెడతారు. ఒక్కో పిల్లణ్ణి విడిగా పిలిచి ముందు ఓ చిన్న పేరా చదివిస్తారు. అది వస్తే కథ, రాకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. మనిషికి ఐదు నిమిషాలు చాలు. పాతికమందిని చూడటానికి రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. ఆ తర్వాత మీకు తరగతులు కనపడవు, మూడు నాలుగు గుంపులు కనపడతాయి. ఆరో తరగతివాళ్లని అక్షరాల గుంపులో కూర్చోబెట్టాల్సి వస్తే నలుగురిలో ఆ పేరు పెట్టి పిలవకండి. గుంపులకి తంగేడు, మోదుగు, సంపెంగ అని పూల పేర్లు పెట్టుకుంటే సరిపోతుంది.

తెలుగు చదవడంలో పిల్లలు ఆగిపోయే చోట్లు రెండు. ఒకటి గుణింతం. రెండోది, ఇంకా గట్టిది, ఒత్తులు. క, గ, ద లాంటి వాటికి ఒత్తు చూస్తే అసలు అక్షరం గుర్తొస్తుంది. త, న, మ, య, ర, ల ఒత్తులకి మాత్రం తల్లి అక్షరంతో పోలికే ఉండదు, విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. వీటి కోసం చార్టు కొనక్కర్లేదు. అమ్మ, నాన్న, అత్త, అయ్య, చెల్లి అని రాయండి, ఐదు ఒత్తులు వచ్చేశాయి. ర ఒత్తుకి గుర్రం ఉండనే ఉంది. ప్రతి పిల్లా తన ఇంట్లోవాళ్ల పేర్లు చీటీల మీద రాసి పక్కవాళ్లతో చదివించే ఆట ఆడిస్తే, వారంలో వచ్చే మార్పు కాపీ పుస్తకంలో నెల రోజులు రాయించినా రాదు. మ, య ఒకదానికొకటి అనిపించడం, ప, వ తడబడటం కూడా ఈ చీటీల్లోనే బయటపడుతుంది.

లంబాడీ, కోయ, గోండి, ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలకి తెలుగు రెండో భాష. కథని ముందు బొమ్మలు చూపించి వాళ్ల మాటల్లో చెప్పించండి. మీకు ఆ భాష రాకపోయినా పర్వాలేదు, పక్క పిల్ల తెలుగులో చెబుతుంది. బొమ్మలో కథ తెలిశాక అక్షరాల్లో అదే కథ వెతుక్కోవడం తేలిక.

పుస్తకాల సంగతి. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్‌వాళ్లు 2015లో స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ మొదలుపెట్టారు. అందులో తెలుగు కథలు నాలుగు స్థాయిల్లో ఉంటాయి, డబ్బు కట్టకుండా చదవొచ్చు, దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. మొదటి స్థాయి కథల్లో పేజీకి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి, అక్షరాలు దాటిన గుంపుకి అవే సరైనవి. ఓ పది కథలు ప్రింటు తీసి, అట్ట వేసి, దారంతో కుట్టండి. పక్కన మీ ఊరి శాఖా గ్రంథాలయం ఉంటే ఇంకా మంచిది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం, పిల్లల్ని వారానికొకసారి అక్కడికి నడిపించుకెళ్లడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బడుల్లో ఇప్పుడు ద్విభాషా పాఠ్యపుస్తకాలున్నాయి, ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు. చాలామంది ఆ తెలుగు పేజీని తిప్పి కూడా చూడరు. సైన్సు పాఠం తెలుగు పేజీ చదివి, అర్థం చెప్పించి, తర్వాత ఇంగ్లీషు పేజీకి వెళ్తే హోంవర్కూ చదవడమూ ఒకే దెబ్బకి అవుతాయి.

చెడ్డ రోజున ఇది సాగుతుందా? మీరు ఒక్కరే ఉంటే నాలుగు గుంపులూ సాగవు. ఆ రోజు అందరినీ చుట్టూ కూర్చోబెట్టి ఓ పెద్ద కథ మీరే గట్టిగా చదవండి. గుంపులు రేపు.

గవ్వల ఆటలు: లెక్కలకి దొడ్డిదారి

ఖర్చు లేకుండా, ఒక్క మనిషితో, వానలో కూడా నడిచేవి ఇవి. అందుకే వీటికి నేను ఇచ్చే మార్కులు ఎక్కువ. అష్టా చమ్మా, పులి మేక, వామనగుంటలు, ఈ మూడింటికీ వేరు వేరు సుగుణాలున్నాయి.

అష్టా చమ్మాకి ఐదు గళ్లు నిలువు, ఐదు గళ్లు అడ్డం, మొత్తం 25 గళ్లు నేల మీద సుద్దముక్కతో గీసుకుంటే చాలు. నలుగురు ఆడొచ్చు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగు. అన్నీ బోర్లాపడితే అష్టా, ఎనిమిది. గవ్వలు దొరక్కపోతే చింతగింజల్ని ఒక పక్క తెల్లగా వచ్చేదాకా బండ మీద అరగదీస్తే సరి. చిన్నవాళ్లకి గళ్లు లెక్కపెట్టడం, కూడికలు. ఆరు, ఏడు తరగతులవాళ్లకి ఇందులో ఇంకో లోతు ఉంది. నాలుగు నాణేలు ఎగరేస్తే పడే తీరులు 16. రెండు బొమ్మలు పడే తీరులు 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, నాలుగూ పడేది 1, ఏదీ పడనిది 1. ఇప్పుడు గవ్వల్ని వందసార్లు వేయించి గీతలు పెట్టించండి. నాణేల లెక్క గవ్వలకి సరిపోదని వాళ్లే కనిపెడతారు. ఎందుకు సరిపోదని అడిగితే గవ్వ ఆకారం చేతిలోకి తీసుకుని చూస్తారు. సంభావ్యత పాఠం బడిలో వచ్చేసరికి వాళ్లకి అది పాత కబురే.

పులి మేకలో 3 పులులు, 15 మేకలు, పావులు పెట్టడానికి గీతలు కలిసే 23 చోట్లు. ఇద్దరు ఆడే ఆట కాబట్టి పాతికమందికి అన్ని పటాలు గీయాలి అనుకోకండి. మేకల పక్షాన ఇద్దరిని కలిపి కూర్చోబెట్టండి, "ఇటు పెడితే పులి దూకుతుంది" అని ఇద్దరూ పైకి మాట్లాడుకుంటారు. ఆలోచన నోటితో బయటికి రావడం మనకి కావాలి. మాట తక్కువగా ఉండే పిల్లలకి అష్టా చమ్మా కన్నా ఇదే మంచిది. రెండు ఆటల్లో వచ్చే లాభం కూడా వేరు. అష్టా చమ్మాలో అదృష్టం ఉంది కాబట్టి రెండో తరగతి పిల్ల ఏడో తరగతి అన్నని ఓడించగలదు. పులి మేకలో ఆ వీలు తక్కువ. కాబట్టి వయసులు కలిపి కూర్చోబెట్టేటప్పుడు అష్టా చమ్మా, ఈడువాళ్లు ఆడుకునేటప్పుడు పులి మేక.

వామనగుంటలు వరసకి ఏడేసి చొప్పున 14 గుంటలు. ఎక్కాలు బట్టీపట్టని పిల్లలకి సమానంగా పంచడం, ఎక్కడ ఆగుతుందో ముందే ఊహించడం చేతికి తెలుస్తుంది. చెక్క పీట లేకపోతే మట్టిలో గుంటలు తవ్వుకుంటారు, లేదా గుడ్ల అట్టలు రెండు కలిపి కత్తిరించుకోవచ్చు. ఊళ్లో ఈ ఆట బాగా వచ్చిన అమ్మమ్మలుంటారు. వాళ్లలో ఒకరిని వారానికోరోజు పిలవండి. ఆట నేర్పుతారు, పాత కథలూ చెబుతారు. మీకూ ఆ అరగంట ఊపిరి తిరుగుతుంది.

ఓడిపోయినప్పుడు గళ్లు చెరిపేసి లేచిపోయేవాళ్లు ప్రతిచోటా ఒకరుంటారు. వాళ్లని తిట్టడం కన్నా రెండు రోజులు తీర్పరిని చేయండి.

బయటి ఆటలు

క్రికెట్ గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. సెంటర్‌కి అది పనికిరాని ఆట. ఇద్దరు ఆడతారు, ఒకరు వేస్తారు, మిగతావాళ్లు ఎండలో నిలబడతారు. బ్యాటు ఎవరిదైతే రూలు వాళ్లది. పెద్ద తరగతులకి వచ్చిన ఆడపిల్లలు గట్టు మీదకి చేరిపోతారు, వాళ్లు ఆటంటే ఇష్టం లేక వెళ్లారని మనం అనుకుంటాం.

దానికి బదులు ఖోఖో. ఎనిమిది మంది ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి వరసగా కూర్చుంటారు, తొమ్మిదో మనిషి తరుముతుంది, అవతలి జట్టు నుంచి ముగ్గురు పరిగెత్తుతారు. కూర్చున్నవాళ్లు కూడా ఆటలోనే ఉన్నట్టు, ఎప్పుడు వీపు మీద చెయ్యి పడి "ఖో" వినిపిస్తుందో తెలీదు. చిన్నవాళ్లకి వరస కుదించి ఐదుగురితో ఆడించండి. కబడ్డీ మంచి ఆటే, కానీ మెత్తటి మట్టి లేదా ఇసుక ఉంటేనే. సిమెంటు గచ్చు మీద మోకాళ్లు చీరుకుపోతాయి, మర్నాడు ఇంట్లోవాళ్లు మీ మీదకొస్తారు. చోటు తక్కువైతే తొక్కుడుబిళ్ళ, నేలా బండా. ఏడు పెంకులాటకి గుడ్డ బంతి వాడండి, రబ్బరు బంతి చెంప మీద తగిలితే ఆట అక్కడితో ఆగుతుంది.

అవుటైనవాళ్లు పక్కన కూర్చోవాల్సిన ఆటల్లో మొదట అవుటయ్యేది ఎప్పుడూ ఆట రానివాళ్లే, నేర్చుకోవాల్సింది కూడా వాళ్లే. అందుకని అవుటైనవాళ్లు రెండో జట్టులోకి చేరిపోయేలా రూలు మార్చుకోండి.

చేతి పనులు, సైన్సు

కాగితం పూలు, గ్రీటింగ్ కార్డుల గురించి ఎక్కువ చెప్పను. పాతికమందీ అచ్చం ఒకేలాంటి పువ్వు చేసి ఇంటికి తీసుకెళ్లారంటే చేసింది ఎక్కువ భాగం మీరే. పండగల ముందు మాత్రం వదులుకోవద్దు. వినాయక చవితికి మట్టి, బతుకమ్మకి తంగేడు, గునుగు పూలు ఊళ్లోనే దొరుకుతాయి, ఎవరి చేతి వంకర వాళ్లకే ఉంటుంది.

సైన్సు బొమ్మలకి అరవింద్ గుప్తా గారి వెబ్‌సైట్ పెద్ద గని. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, పారేసే వస్తువులతో బొమ్మలు చేయించడానికే జీవితమంతా పెట్టిన మనిషి, 2018లో పద్మశ్రీ వచ్చింది. అక్కడున్న వందల బొమ్మల్లో ఏది ఎంచుకోవాలన్నదే మళ్లీ ప్రశ్న. రెండు ఉదాహరణలు చెబుతాను.

అగ్గిపుల్లలు, సైకిలు వాల్వు ట్యూబు ముక్కలు తీసుకుని మూడు పుల్లలతో త్రిభుజం, నాలుగింటితో చతురస్రం కట్టిస్తారు. నొక్కి చూస్తే చతురస్రం వాలిపోతుంది, త్రిభుజం కదలదు. సెల్ టవర్లో, కరెంటు స్తంభాల్లో అన్ని త్రిభుజాలెందుకున్నాయో బయటికెళ్లి చూసుకోవచ్చు. పుల్లల మందు ముందే గీరేయండి. వాల్వు ట్యూబు సైకిలు షాపులో మీటర్ల లెక్కన ఇస్తారు. పాతికమందికీ ఒకేసారి చేయించొచ్చు, తప్పు చేసినా విప్పి మళ్లీ కట్టుకోవచ్చు.

రెండోది చిన్న మోటారు. ఒక బ్యాటరీ, రెండు పిన్నీసులు, ఓ అయస్కాంతం, చుట్టలా చుట్టిన ఎనామిల్ పూత రాగి తీగ. తీగ ఒక కొసన పూత అంతా గీరేయాలి, రెండో కొసన సగమే గీరాలి. ఆ సగంలో కాస్త తేడా వచ్చినా తిరగదు. తిరిగితే పిల్లల మొహాలు చూడాల్సిందే, కానీ పదింటిలో ఎన్ని తిరుగుతాయన్నది మీ ఓపిక మీద ఆధారపడుతుంది. ఏడో తరగతి పైన నలుగురైదుగురుంటే, మీతో ఇంకొకరుంటే మోటారు. లేకపోతే అగ్గిపుల్లలే.

ప్లాస్టిక్ స్ట్రాలతో బూర చేయించే బొమ్మలు పాత వీడియోల్లో చాలా ఉంటాయి. 2022 జులై నుంచి దేశంలో ఆ స్ట్రాలు నిషేధం. కోస్తాలో ఐతే కొబ్బరాకు బూర ఉండనే ఉంది.

తెర, నీడ, ఫోను

చలికాలం సాయంత్రాలకీ, కరెంటు పోయిన రోజులకీ నీడబొమ్మలని మించింది లేదు. ఓ పాత దుప్పటి, ఓ టార్చి, అట్ట ముక్కలు, చీపురు పుల్లలు. తోలుబొమ్మలాట పుట్టిన నేల మనది, శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఈ కళ ఇంకా బతికే ఉంది, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ బొమ్మల ఫొటోలు ఒకసారి చూపించి వదిలేయండి. నలుగురిలో నోరు విప్పని పిల్లలు తెర వెనక గడగడా మాట్లాడటం మీరే చూస్తారు. కథ వాళ్లనే కట్టుకోనివ్వండి. మొదటి వారం అన్ని కథల్లోనూ పోలీసు, దొంగ, దెయ్యమే ఉంటాయి, కంగారు పడక్కర్లేదు.

ఫోను, ట్యాబు విషయంలో నాది కటువైన లెక్క. పాతికమందికి ఒక ఫోనంటే అది టీవీతో సమానం. దాన్ని మీరు కథ చదవడానికి, పాట వినిపించడానికి, టార్చిగా వాడుకోండి. కంప్యూటర్లు నాలుగైనా ఉంటే ఒక్కోదాని దగ్గర ఇద్దరిని కూర్చోబెట్టి స్క్రాచ్ నేర్పొచ్చు, పిల్లలు ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే సాఫ్ట్‌వేర్, అమెరికాలోని ఎంఐటీలో పుట్టింది, ఉచితం. నేర్పే మనిషి వారం వారం రాగలిగితేనే మొదలుపెట్టండి.

మీ చోటుకి ఏది

పల్లెలో బడి వరండానో రామాలయం మండపమో, ఒక్క మనిషి, పాతికమంది: గుగ్గిళ్లు, 30 నిమిషాల హోంవర్క్, గుంపుల చదువు వారానికి మూడు రోజులు, మిగతా రోజులు గవ్వల ఆటలు, వెలుతురుంటే ఖోఖో. సైన్సు నెలకోసారి ఎవరైనా వచ్చినప్పుడు.

ట్యూషన్ సెంటర్: ఫీజు కట్టినవాళ్లు చదువే అడుగుతారు. ముందు చదువు కానిచ్చి, చివరి 20 నిమిషాలు పులి మేకకో వామనగుంటలకో ఇవ్వండి. "లెక్కల ఆట" అని చెబితే ఎవరూ అభ్యంతరం చెప్పరు, అది అబద్ధమూ కాదు.

హైదరాబాద్ అపార్టుమెంట్ల క్లబ్‌హౌస్‌ది వేరే ప్రపంచం. ఆ పిల్లలకి అబాకస్ ఒక రోజు, కరాటే ఒక రోజు, కీబోర్డు ఒక రోజు. వాళ్లకి కార్యక్రమం మరొకటి పెట్టకండి. వయసులు కలిసి, పెద్దవాళ్లు రూళ్లు చెప్పకుండా ఆడుకునే గంట వాళ్ల వారంలో ఎక్కడా లేదు. సుద్దముక్కలు, బంతి, తాడు ఇచ్చి మీరు బెంచీ మీద కూర్చోండి. కష్టం అక్కడ పిల్లలతో కాదు, "ఏం నేర్పుతున్నారు?" అని అడిగే తల్లిదండ్రులతో.

గురుకులాలు, హాస్టళ్లలో పిల్లలు పొద్దున్నుంచీ గుంపులోనే ఉంటారు, గంట కొడితే లేవడం, గంట కొడితే కూర్చోవడం. వాళ్లకి జట్టు ఆటల కన్నా ఒంటరిగా పుస్తకం పట్టుకుని కూర్చునే మూల, ఇంటికి ఉత్తరం రాసుకునే కాగితం ఎక్కువ అవసరం. స్టడీ అవర్‌కి ముందు అరగంట ఇవ్వమని వార్డెన్‌ని అడిగి చూడండి.

నడిపేవాళ్లకి తోడు

ఎంత మంచి కార్యక్రమమైనా నడిపే మనిషి అలిసిపోతే ఆగిపోతుంది. వారమంతా కొత్తవి చేయించాలని పెట్టుకోకండి. పిల్లలకి కొత్తదనం కన్నా "మంగళవారం అంటే నీడబొమ్మలు" అని ముందే తెలియడం ఇష్టం. వారానికి ఒక్కటే కొత్తది, మిగతావన్నీ తెలిసినవి.

ఓ సంచి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి: సుద్దముక్కలు, అరగదీసిన చింతగింజలు, కుట్టిన కథల పుస్తకాలు, దుప్పటి, టార్చి. మీరు రాలేని రోజున ఇంకొకరు ఆ సంచితో సెంటర్ నడపగలగాలి. మధ్యలో ఖాళీగా మిగిలే ఐదు నిమిషాలకి పొడుపుకథలు నాలుగు గుర్తుంచుకోండి. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు" అన్నారంటే, కనురెప్పలని తెలిసినవాళ్లు కూడా చెప్పకుండా బిగపట్టుకుని కూర్చుంటారు.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు చిన్నవాళ్లకి చదివించడానికి ముందుకొస్తారు. రానివ్వండి, కానీ వారానికి రెండు రోజులే. పనంతా వాళ్ల మీద పడితే జీతం లేని టీచరైపోతారు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఇంట్లో కూడా వాళ్లకి అదే పని.

భద్రత విషయంలో వెసులుబాటు ఉండకూడదు. ఏ పిల్లతోనూ ఒక పెద్దమనిషి తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, ఎంత తెలిసినవాళ్లైనా సరే. చీకటిపడే నెలల్లో ఎవరు ఎవరితో ఇంటికెళ్తారో చీటీ రాసి గోడకి పెట్టండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 పిల్లలకి కనపడే ఎత్తులో రాయండి. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే ఫిర్యాదు చేయడం, అలాంటి వాటి నుంచి పిల్లల్ని కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం, తెలిసిన ప్రతి మనిషి బాధ్యత, "పెద్దల్లో మాట్లాడుకుందాం" అనే వీలు లేదు.

సంస్థ తరఫున పనిచేస్తుంటే, చేరేటప్పుడే మూడు విషయాలు అడగండి. శనగలకి, సుద్దముక్కలకి డబ్బు ఎవరిస్తారు? మీకు జ్వరమొస్తే ఎవరొస్తారు? పిల్లల పక్కన గడిపే సమయానికే కాకుండా రేపటి ఏర్పాట్లకి పట్టే సమయానికి కూడా డబ్బిస్తారా? మూడో ప్రశ్నకి తడుముకునే చోట నెలల తరబడి నిలబడటం కష్టం.

నెలాఖరున ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది పిల్లల్నే అడగండి. చేతులెత్తమంటే అందరూ మీ మొహం చూసి ఎత్తుతారు, లేదా పెద్ద తరగతి అన్న ఎటు ఎత్తితే అటు. నాలుగు డబ్బాల మీద నాలుగు బొమ్మలు అంటించి, ఒక్కొక్కరికి రెండు చింతగింజలిచ్చి, ఒకరి తర్వాత ఒకరిని పంపండి. లెక్కపెట్టేది రెండో తరగతివాళ్లు. తక్కువ గింజలు పడ్డ డబ్బా ఏదైనా, అది మీకు ఎంత ఇష్టమైనదైనా, వచ్చే నెల దానికి సెలవు.